సగం దిగిన తూటా

ఆర్విల్ హాగ్‌స్టెడ్ షెడ్డు వేలంలో
నలభై డాలర్లకి కొన్నాను ఈ ఇనుప మొండిదాన్ని.
పిడి మీద ఎర్ర రంగు అరిగి
అతని అరచెయ్యి ఎంత వెడల్పో తెలుస్తోంది.
పాట పాడించినవాడికి అదేమిటో తెలియదు.
"మొక్కజొన్న ఒలిచేదేమో" అన్నాడు.
నేను దిద్దలేదు. దిద్దితే అరవై అయ్యేది.

సాల్మన్ నది మీద ఫిబ్రవరి మంచు
రాత్రుళ్లు టప్పున పగులుతుంది,
కుక్క లేచి తలుపు దాకా వెళ్లి తిరిగొస్తుంది.
గరాజులో బల్లకి ముందు మూడు బోల్టులే వేశాను.
పిడి నొక్కగానే బల్ల మొత్తం
పొట్టేలులా నా మీదికి లేచింది.
నాలుగోది వేశాక లొంగింది.

సీసం నాదే. ఇరవై రెండేళ్లుగా
బడి బస్సుల టైర్లు విప్పుతూ బిగిస్తూ
చక్రాల నుంచి రాలిన తూనిక ముక్కల్ని
డ్రమ్ములో పోగేశాను.
ఏ ముక్క ఏ బస్సుదో చెప్పలేను.
ఆరో నంబరు, కొండదారి బస్సు,
అందులో తొమ్మిదిమంది పిల్లలు.
ఒక్కోసారి గరిటెతో తెట్టు తీస్తూ
ఆ సంగతి గుర్తొస్తుంది.
గరిటె ఆగుతుంది. మళ్లీ కదులుతుంది.
శీతాకాలానికి ఒక ఎల్క్, అంతే నాకు కావలసింది
అని ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటాను.

పోత పోసిన తూటా లావుగా, మొద్దుగా ఉంటుంది.
డైలోంచి దిగితేనే నడుం సన్నబడుతుంది.
పైనుంచి దిగే పంచ్ దాని ముక్కుకి అతికినట్టుండాలి,
లేదంటే చప్పిడి ముక్కుతో బయటికొస్తుంది.
రెంచి ఒక చుట్టు ఎక్కువ తిప్పితే
మైనం అడుక్కి పాకుతుంది.
అడుగుకి అంటిన మైనం మందుకి అంటుతుంది,
మందు చెడితే తూటా మూగదే.
తక్కువ తిప్పితే పై గాడి ఖాళీ,
పళ్లూడిన నోరులా.
కింది స్క్రూ పావు చుట్టు. ఇంకో పావు. ఊహూఁ, వెనక్కి.
పదిహేడు తూటాలు మళ్లీ కుండలోకే వెళ్లాయి.
పద్దెనిమిదోది
మూడు గాడుల నిండా మైనంతో
గాజుల చెయ్యిలా వచ్చింది.

కానీ ఇదంతా తరవాతి మాట.

ఇంటికి తెచ్చిన రోజు పిడి పైకీ రాదు, కిందికీ పోదు.
గొట్టంలో ముదురాకుపచ్చ మైనం రాయిలా బిగిసింది.
దాని మీద ఒక బొటనవేలి ముద్ర,
సుడి చెదరకుండా.
హెయిర్ డ్రయ్యరు పట్టుకుని చాలాసేపు
ఆన్ చెయ్యలేదు.

చేశాక, ముందు ఆ సుడే కరిగింది.
తేనెపట్టు కాలిన వాసన.
పిడి చిన్నగా మూలిగింది.
డైలో ఒక తూటా ఇరుక్కుని ఉంది, సగం లోపల, సగం బయట.

సగంలో ఎందుకు ఆపాడు?
కూతురు కార్లిస్‌ని ఫోన్‌లో అడిగాను.
"అన్నానికి పిలిచి ఉంటాను" అంది.
కాసేపాగి, "పిలిచానో లేదో" అంది.

అతని మైనం, అతని సీసం.
నేను చేసిందల్లా
పిడి మీద అరిగినచోట చెయ్యి పెట్టి
మిగతా సగం నొక్కడం.
వెన్నలో దిగినట్టు దిగింది.
పిడి ఎత్తితే లేచి నిలబడింది,
కింది సగం తళతళ, పై సగం కూడా ఇప్పుడు తళతళ,
మధ్యలో సన్నటి గీత,
ఆగినచోట.

మైక్రోమీటరు పెట్టాను.
నా తుపాకీకి రెండు వెయ్యోవంతులు లావు,
వెంట్రుకని నిలువునా చీల్చినంత తేడా.
పనికిరాదు.
కుండలో పడేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను.
కిటికీ గట్టు మీద, స్పార్కు ప్లగ్గుల పక్కన ఉంది.

తెల్లవారి అయిదున్నరకి బస్సులు స్టార్టు చెయ్యాలి,
సున్నాకి ఇరవై కింద.
వెళ్లేముందు కొత్త మైనం కడ్డీ
గొట్టంలోకి బొటనవేలితో నొక్కాను,
గట్టిగా, ఆ వేలుకి ఎంత పట్టిందో అంత.
మూత బిగించాను.
లైటు ఆర్పాను.